కాఫీ కళ్లం దాటాక ఎడమ మలుపు

మా కారు కందకంలో దిగబడిన చోటును ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలను. ఎడమకు తిరిగే మలుపు అది. కుడి పక్కన మోకాలెత్తు ఎర్రమట్టి గట్టు, దాని వెనక వాన నీరు నిలవడానికి తవ్విన కందకం. ఎడమ పక్కన మనిషెత్తును మించిన కట్ట, దాని మీద కాఫీ మొక్కలు, వాటికి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు. అరకు చూసినవాళ్లకు ఈ తోటలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మేము పడింది చిక్కమగళూరు దగ్గర, ఒక కార్ల ర్యాలీలో.

తప్పు కారు నడిపిన బావ చేతుల్లో జరిగిందని ఆ రోజు అందరూ అనుకున్నారు. బావ కూడా అలాగే అనుకున్నాడు. నిజానికి ఆ తప్పు అంతకు ముందు రోజు మధ్యాహ్నమే నా నోట్‌బుక్‌లో జరిగిపోయింది. కో-డ్రైవర్‌గా, అంటే పక్క సీట్లో కూర్చుని దారి చదివి చెప్పేవాడిగా, ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అది కూడా పోటీలో లేని రోజున, అదే మలుపు పైన కట్ట మీద కూర్చుని చూస్తేనే తెలిసింది. బెంగళూరు నుంచి కొత్తగా ర్యాలీలకు వెళ్లే మనవాళ్లు ఈ మధ్య పెరుగుతున్నారు. వాళ్లకు పనికొస్తుందని మూడేళ్ల ఈ కథను వివరంగా రాస్తున్నాను.

మేము, మా కారు

బావ అంటే మా అక్క భర్త. ఇద్దరిదీ హిందూపురం వైపు. బావకు బెంగళూరులో కనకపుర రోడ్డు వైపు చిన్న గ్యారేజీ ఉంది, నేను మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. కారు పాత హోండా సిటీ వీటెక్. 1.5 లీటర్ల ఇంజను, ముందు చక్రాలకే పవర్. మన దేశంలో ర్యాలీ నేర్చుకున్న చాలామందికి ఈ కారు బాగా తెలుసు. లోపల రోల్ కేజ్, ఆరు పాయింట్ల సీటు బెల్టులు, మెడను కాపాడే హాన్స్ పరికరం, మంటలార్పే సిలిండర్. సస్పెన్షన్ సామాన్లలో సగం జేసీ రోడ్డులో నెలల తరబడి తిరిగి పోగేసినవే.

అడవి ర్యాలీ అంటే రిజర్వ్ ఫారెస్టులో కార్లు పరుగెత్తుతాయని కొందరు అనుకుంటారు. అలా కాదు. చిక్కమగళూరు, కొడగు వైపు స్టేజీలు చాలావరకు కాఫీ ఎస్టేట్ల సొంత మట్టి దారుల్లోనే ఉంటాయి. యజమానుల అనుమతితో ఆ దారిని కొన్ని గంటలు మూసేస్తారు. నీడ చెట్ల వల్ల అది అడవిలాగే ఉంటుంది. అడవి పెట్టే ఇబ్బందులన్నీ అక్కడా ఉంటాయి.

పోటీ పద్ధతి క్లుప్తంగా చెప్తాను. మూసిన దారిలో ఒక్కో కారును నిమిషం, రెండు నిమిషాల తేడాతో వదులుతారు. ఆ ముక్కను స్పెషల్ స్టేజ్ అంటారు. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కు మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్ నియమాలతో వెళ్లాలి. చెక్‌పోస్టుకు ఆలస్యంగా చేరితే నిమిషానికి 10 సెకన్లు కలుపుతారు, ముందుగా చేరితే నిమిషానికి నిమిషం కలుపుతారు. ఆ లెక్కంతా కో-డ్రైవర్‌ది. పోటీకి ముందు రెక్కీ ఉంటుంది. మామూలు కారులో, పరిమిత వేగంతో స్టేజ్‌ను సాధారణంగా రెండుసార్లు తిరిగి, డ్రైవర్ చెప్తుంటే కో-డ్రైవర్ ప్రతి మలుపూ రాసుకుంటాడు. అవే పేస్ నోట్స్. మా పద్ధతిలో 1 అంటే బాగా ముడుచుకున్న మలుపు, 6 అంటే దాదాపు తిన్నగా పోయే దారి. కొందరు దీన్ని తిరగేసి వాడతారు. ఏది వాడినా ఫర్వాలేదు, మధ్యలో మార్చకూడదు.

మొదటి ఏడాది: పడిన రోజు

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆ స్టేజ్ రెక్కీ చేశాం. ఎస్టేటు మధ్యలో కాఫీ గింజలు ఎండబెట్టే పెద్ద సిమెంటు కళ్లం వస్తుంది. పంట కోతకు ముందు కాబట్టి ఖాళీగా ఉంది. దారి ఆ కళ్లం అంచునే సాగి, మళ్లీ చెట్ల కిందికి దూరి, వెంటనే ఎడమకు తిరుగుతుంది. నేల పొడిగా ఉంది. దాని మీద ఎండిన ఆకులు పరుచుకుని ఉన్నాయి. బావ "లెఫ్ట్ ఫోర్" అన్నాడు, నేను రాసుకున్నాను. రెండోసారి కూడా అదే అనుకున్నాం. ఆ పేజీలో ఇలా ఉంది: "80, రైట్ ఫైవ్, కళ్లం, లెఫ్ట్ ఫోర్." అంతే. 80 అంటే తర్వాతి మలుపుకు మీటర్లలో దూరం.

రాత్రి సన్నగా వాన పడింది. శనివారం ఉదయం మొదటిసారి ఆ స్టేజ్‌కు వెళ్లినప్పుడు మొత్తం దారి తడిగా ఉంది. బావ అన్ని మలుపులకూ ఒక మెట్టు తగ్గించి నడిపాడు. ఆ ఎడమ మలుపులో కారు కాస్త వెడల్పుగా పోయింది కానీ నిలబడింది. తడి కదా అనుకుని ఇద్దరం పట్టించుకోలేదు.

ఉచ్చు అక్కడే ఉంది. పన్నెండున్నరకు అదే స్టేజ్ రెండోసారి వచ్చింది. అప్పటికి ఎండ కాసి దారి ఆరిపోయింది. మొదటి మూడు కిలోమీటర్లలో పట్టు బాగుందని బావకు ధైర్యం వచ్చింది, నాకూ వచ్చింది. కళ్లం మీదికి వచ్చేసరికి తెల్ల సిమెంటు మీద నడినెత్తి ఎండ, కళ్లు చిట్లించుకోవాల్సినంత వెలుగు. అక్కడి నుంచి ఒక్కసారిగా చీకటి నీడలోకి దూరాం. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. కళ్లు సర్దుకోవడానికి ఒక్క సెకను పట్టినా ఇరవై మీటర్లు గుడ్డిగా పోయినట్టే. బావ నీడలోకి వచ్చాక బ్రేక్ తొక్కాడు. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. స్టీరింగ్ ఎడమకు తిరిగే ఉంది, బండి తిన్నగా పోయి గట్టు ఎక్కి ముక్కుతో కందకంలో దిగింది.

ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. రేడియేటర్ పగిలి ఆవిరి లేచింది.

ఆ తర్వాతి రెండు నిమిషాలు

పోటీ ఫలితం కంటే ఈ రెండు నిమిషాలే నాకు ముఖ్యం.

నియమం సులువైనదే. ఎవరికైనా దెబ్బలు తగిలితే ఎర్రటి ఎస్‌ఓఎస్ బోర్డు చూపించాలి. అది చూసిన కారు ఆగి సాయం చెయ్యాలి. అందరూ బాగుంటే ఓకే బోర్డు కనీసం తర్వాతి మూడు కార్లకు చూపించాలి. ఎర్ర త్రికోణాన్ని కారుకు కనీసం 50 మీటర్ల ముందు పెట్టాలి. నేను బోర్డు తీసుకుని, బావకు త్రికోణం ఇచ్చాను. బావ కంగారులో పాతిక మీటర్ల దూరంలోనే, నీడ లోపలే పెట్టేశాడు. వచ్చే డ్రైవర్‌కు మా కారు కనబడని చోట అదీ కనబడదు. నేను అరిస్తే తీసుకెళ్లి కళ్లం అంచున, ఎండలో పెట్టాడు.

ఈలోగా చుట్టుపక్కల చూస్తున్న పదిహేను మంది దాకా కుర్రాళ్లు పరుగెత్తుకుని వచ్చేశారు. మంచి మనసుతోనే వచ్చారు. మన ఊళ్లలో బండి బురదలో ఇరుక్కుంటే ఎవరూ పిలవకుండానే పది చేతులు పడతాయి. ఇదీ అదే. కానీ వాళ్లు నిలబడిన చోటు మలుపు బయటి వైపు. మేము జారిన దారిలోనే రెండు నిమిషాల్లో ఇంకో కారు వస్తుంది. అది కూడా జారితే నేరుగా వాళ్ల మీదికే. నాకు వచ్చిన కన్నడం మొత్తం ఆ క్షణంలో రెండు మాటలు: "మేలె హోగి, మేలె హోగి!" పైకి వెళ్లండి అని. కొందరు కదిలారు. ఒక పెద్దాయన మాత్రం "అన్నా, తోస్తే వచ్చేస్తుంది" అని తెలుగులోనే అన్నాడు. ఎస్టేటులో పనికి వచ్చిన మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని కట్ట మీదికి నడిపించాను. అప్పుడే, దారి పక్కన భద్రత చూసే మార్షల్ ఈల వినిపించింది. తర్వాతి కారు వచ్చింది, వెనక భాగం ఊగుతూ మాకు రెండు మీటర్ల పక్కనుంచి పోయింది.

ఆ రెండు మీటర్లు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఇలాంటివి ఎలా ముగుస్తాయో తెలుసు. 1986లో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు దారి పక్కన కిక్కిరిసి నిలబడ్డ జనంలోకి దూసుకెళ్లి ముగ్గురు చనిపోయారు. ఆ ఏడాది మే నెలలో కోర్సికాలో మరో ప్రమాదం జరిగాక గ్రూప్ బి అనే బాగా శక్తిమంతమైన ర్యాలీ కార్లను 1987 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో లేకుండా చేశారు. మన దగ్గర 2019 సెప్టెంబరులో రాజస్థాన్ బార్మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ జరుగుతుండగా ఒక బైకు స్టేజ్‌లోకి వచ్చింది. ర్యాలీ కారు ఢీకొని ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు.

ఏమనుకున్నాం, ఏం లెక్కేశాం

బెంగళూరు వచ్చాక కారులోని వీడియో చాలాసార్లు చూశాం. బావ మాట ఒకటే: "బ్రేక్ లేటయింది రా." నిజమే, లేటయింది. కానీ ఎందుకు?

కాగితం మీద లెక్క వేశాను. పొడి మట్టి మీద టైరు పట్టు సుమారు 0.6 అనుకుంటే, గంటకు 72 కిలోమీటర్ల నుంచి ఆగడానికి 34 మీటర్లు కావాలి. తడి ఆకుల బురద మీద పట్టు 0.3కు పడిపోతే 68 మీటర్లు. 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును పొడిలో గంటకు 55 కిలోమీటర్లతో తిరగొచ్చు, ఆ బురదలో 39తోనే. అంటే పొడిలో ఫోర్ అయిన మలుపు అక్కడ త్రీ అవుతుంది, ఒక్కోసారి టూ అవుతుంది. నేను రాసిన అంకె నేల పొడిగా ఉన్నప్పుడు మాత్రమే నిజం.

ముందు చక్రాల కారుతో ఇంకో చిక్కు ఉంది. తిప్పేదీ, లాగేదీ, ఎక్కువగా ఆపేదీ ఆ ముందు టైర్లే. బ్రేక్ తొక్కుతూ తిప్పితే, ఉన్న కొద్దిపాటి పట్టు మొత్తం ఆపడానికే ఖర్చయిపోతుంది, తిరగడానికి ఏమీ మిగలదు. వీడియోలో అదే కనబడింది.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. దారి మొత్తం ఆరినప్పుడు ఆ ఒక్క మలుపు ఎందుకు ఆరలేదు? నీడ వల్ల అనుకున్నాం. మిగతా నీడ మలుపులు ఆరాయి కదా అన్న అనుమానం నాకు పోలేదు.

రెండో ఏడాది: కట్ట మీద

ఆ ఏడాది డబ్బు సర్దుబాటు కాక మేము పోటీకి వెళ్లలేదు. నేను చూడటానికే వెళ్దామని బయల్దేరాను. శుక్రవారం రాత్రి నెలమంగళ, కుణిగల్, హాసన్, బేలూరు మీదుగా, దాదాపు 245 కిలోమీటర్లు. తెల్లారేసరికి ఎస్టేటు గేటు దగ్గర ఉన్నాను. దారి మూసేలోగా నడిచి వెళ్లాలి, మళ్లీ అన్నిటికంటే చివర వచ్చే స్వీప్ కారు వెళ్లేదాకా బయటికి రాకూడదు. మార్షల్‌తో మాట్లాడి, మలుపు లోపలి వైపు కట్ట మీద, దారికి మూడు మీటర్ల ఎత్తున, ఒక సిల్వర్ ఓక్ వెనక కూర్చున్నాను. నీళ్ల సీసా, అరటిపళ్లు, ఒక పుస్తకం, స్టాప్‌వాచ్.

వారం రోజులుగా వాన లేదని మార్షల్ చెప్పాడు. దారి మీద మళ్లీ ఎండుటాకులే. పోటీ కార్ల కంటే ముందు దారి చూసుకుంటూ వెళ్లే జీరో కారు పోయింది. తర్వాత మొదటి పోటీ కారు. పోటీలో ఉన్నప్పుడు నాకు ఎప్పుడూ తెలియని సంగతి అప్పుడు తెలిసింది: అడవిలో కారు కనబడకముందే వినబడుతుంది. దూరంగా చెట్ల వెనక ఇంజను రొద, కళ్లం మీద అది ఒక్కసారిగా విచ్చుకోవడం, బ్రేక్ పడగానే గొంతు తగ్గడం, గేర్లు దిగుతున్న చప్పుడు. డ్రైవర్ ఎక్కడ బ్రేక్ తొక్కుతున్నాడో కళ్లు మూసుకున్నా చెప్పొచ్చు. ముందు వచ్చిన అనుభవజ్ఞుల గొంతు కళ్లం మీదే, ఎండలోనే తగ్గేది. నీడలోకి వచ్చేసరికి వాళ్ల బ్రేక్ పని అయిపోయేది, చక్రాలు స్వేచ్ఛగా తిరిగేవి. మా లాంటివాళ్ల గొంతు నీడలోకి వచ్చాకే తగ్గేది. వాళ్లంతా వెడల్పుగా పోయారు. ఇద్దరు గట్టును గీరారు.

ఇంకోటి కూడా కనబడింది, దీనికోసమే ఈ కథ రాస్తున్నాను. మొదటి నాలుగైదు కార్లు బాగానే తిరిగాయి. వాటి చక్రాలు ఆకుల్ని ఊడ్చేశాయి. ఆకుల కింద నేల నల్లగా, తడిగా మెరిసింది. వారంగా వాన లేదు. కార్ల మధ్య ఖాళీలో పైనుంచి తొంగి చూస్తే, నేను కూర్చున్న కట్ట అడుగు నుంచి నీరు ఊరుతోంది. ఊట! ఎండాకాలం సంగతి తెలియదు కానీ, వానలు వెళ్లిన ఆ నెలల్లో ఆ మలుపు ప్రతిరోజూ తడే. పైన ఎండుటాకులు కప్పి ఉండటం వల్ల రెక్కీలో కనబడదు, ముందు పోయే కార్లకు తగలదు. మా నంబరు 23. మా కంటే ముందు 22 కార్లు రెండేసిసార్లు ఆ ఆకుల్ని ఊడ్చి, బురదను గాడి పడేలా దున్ని మాకు అప్పగించాయి. పదిహేనో కారు తర్వాత లోపలి గాడిలో ఒక చెట్టు వేరు తేలడం కూడా చూశాను. మలుపును లోపలికి కోసి తిరిగితే టైరు దాని మీదే పడుతుంది.

నోట్‌బుక్‌లో మలుపు ఆకారం ఉంది, ఆ చోటి స్వభావం లేదు. రెక్కీలో మనం దారిని ఒక్క క్షణం చూస్తాం. ఆ చోటు రోజంతా ఎలా మారుతుందో, ఒక్కో కారు దాన్ని ఎలా మారుస్తుందో అక్కడ కూర్చున్నవాడికే తెలుస్తుంది. కో-డ్రైవర్ అవ్వాలనుకునే ప్రతివాళ్లూ ఏడాదికి ఒక ర్యాలీ చూడాలి. స్టేజ్ మొత్తం తిరగక్కర్లేదు, ఒక్క మలుపు దగ్గర ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే చాలు.

చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. మలుపు బయటి వైపు, తిన్నగా పోయే దారి చివర, జంక్షన్‌లో నేరుగా కనబడే ఖాళీ చోటు, దారి కంటే పల్లంగా ఉన్న నేల, వీటిలో ఎక్కడా నిలబడొద్దు. ఎత్తు మీద, పారిపోవడానికి వెనక చోటు ఉండేలా నిలబడండి. ఒక కారు వెళ్లింది కదా అని దారి దాటొద్దు. ఈల వినబడితే ఫోన్ దించి కారు వైపు చూడండి. కారు పడితే మార్షల్ చెప్పేదాకా దాని దగ్గరికి పరుగెత్తొద్దు. పిల్లల్ని తీసుకెళ్తే చెయ్యి వదలొద్దు.

నోట్స్ మార్చడం

ఇంటికొచ్చాక బావకు కట్ట మీద రాసుకున్నదంతా చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఈసారి నీడ కూడా రాయి" అన్నాడు.

అంతవరకు మా నోట్స్ మొత్తం ఇంగ్లిష్ మాటలే. కొత్తవి ఏ భాషలో పెట్టాలని మారతహళ్లి ఫ్లాట్‌లో వారాలపాటు ప్రయోగాలు చేశాం. టీవీలో పాత స్టేజ్ వీడియో నడుస్తుంటే నేను చదివేవాణ్ణి, బావ కుర్చీలో కూర్చుని కాళ్లతో బ్రేక్, క్లచ్ తొక్కేవాడు, అక్క స్టాప్‌వాచ్ పట్టుకునేది. దిక్కుకూ అంకెకూ ఇంగ్లిషే మేలని తేలింది. "లెఫ్ట్" ఒక్క దెబ్బలో అయిపోతుంది, "ఎడమ" అనేలోగా మలుపు వచ్చేస్తుంది. కానీ హెచ్చరికల విషయం వేరు. "స్లిప్పరీ" అంటే బావ కాలు కదలడానికి కొంచెం ఆలస్యం, "జారు" అంటే వెంటనే కదిలింది. చిన్నప్పుడు చెరువు గట్టు మీద అమ్మ అరిచిన మాట అది, ఆలోచించకుండానే ఒంట్లోకి వెళ్తుందని బావ అన్నాడు. అలా నాలుగు తెలుగు మాటలు చేరాయి: నీడ, జారు, గాడి, వద్దు. చివరిది లోపలికి కోయొద్దని.

రెక్కీలో కూడా ఒక పని చేర్చాం. చెట్ల కింద, పక్కన కట్ట ఉన్న ప్రతి మలుపులో కారు ఆపి, దిగి, బూటుతో ఆకులు జరిపి చూస్తాను. సమయం పడుతుంది. దాని కోసం మిగతా చోట్ల కబుర్లు తగ్గించాం.

మూడో ఏడాది

అదే ఎస్టేటు, అదే స్టేజ్. ఈసారి పేజీలో ఇలా ఉంది: "80, రైట్ ఫైవ్, కళ్లం మీద బ్రేక్, నీడ, లెఫ్ట్ త్రీ, జారు, వద్దు."

"కళ్లం మీద బ్రేక్" అన్న మాట నేను కళ్లం కనబడకముందే చదివేశాను. బావ ఎండలోనే వేగం దించాడు. నీడలోకి వెళ్లాం, మలుపు తిరిగాం. మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ తిరిగాం. స్టేజ్ చివర ఎర్ర బోర్డు దాటి, టైం కార్డు మీద సంతకం పెట్టించుకున్నాక బావ అడిగాడు: "ఆ కందకం ఎప్పుడు దాటాం రా?" అతనికి ఆ మలుపు తెలియనే లేదు. నాకు మాత్రం చెమట పట్టేసింది.

ర్యాలీ పూర్తి చేశాం. మా క్లాసులో మధ్యలో ఎక్కడో నిలిచాం, కప్పు రాలేదు. కొత్త పద్ధతి ఒకచోట మమ్మల్ని దెబ్బ కూడా తీసింది. ఇంకో స్టేజ్‌లో ఒక చిన్న జంక్షన్‌కు ముందు మలుపుకు నేను హెచ్చరికలు ఎక్కువ రాశాను. అవన్నీ చదివేసరికి జంక్షన్ మాట ఆలస్యమైంది. బావ తిన్నగా పోయి, వెనక్కి వచ్చేసరికి ఇరవై సెకన్లకు పైగా పోయాయి. వెడల్పైన దారి కాబట్టి సరిపోయింది, ఇరుకైతే మళ్లీ పడేవాళ్లమే. ప్రతి మలుపుకూ అన్నీ రాయాలన్న ఆత్రం నాది. ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం: ఒక మలుపుకు రెండు తెలుగు మాటలకు మించకూడదు. కందకం మలుపుకు మాత్రం మూడు ఉంచాం.

ఆ జంక్షన్ సంగతి ఇంకా తేలలేదు. వచ్చే సీజన్‌లో ఒక ర్యాలీ వదులుకుని అక్కడ కూర్చుందామనుకుంటున్నాం. ఈసారి కట్ట మీద కూర్చునేది తనేనని బావ అంటున్నాడు. అక్క కూడా వస్తానంది. స్టాప్‌వాచ్ తన దగ్గరే ఉంటుందట.